నల్ల ముత్యం: లార్బీ బెన్ బారెక్ జీవిత కథ

ఫుట్‌బాల్ అనగానే మన పిల్లలు పెలే పేరు చెబుతారు, మరడోనా పేరు చెబుతారు. ఈ కాలపు కుర్రాళ్ళయితే ఇంకా కొత్త పేర్లు గడగడా అప్పజెబుతారు. కాని పెలే పుట్టక ముందే, ఆఫ్రికా ఖండపు ఉత్తరపు కొసన ఉన్న మొరాకో దేశం నుంచి ఒక పేద ముసల్మాను కుర్రవాడు యూరపు వెళ్ళి, అక్కడి పెద్ద పెద్ద మైదానాల్లో వేలాది జనాన్ని మంత్రముగ్ధుల్ని చేశాడన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరు లార్బీ బెన్ బారెక్. ఫ్రెంచివాళ్ళ నోట్లో పడి ఆ పేరు అలా తయారయింది గాని, మన నోటికి సరిగ్గా వచ్చేలా చెప్పుకుంటే అరబీ బిన్ ముబారక్. ఫ్రాన్సులో జనం ఆయనకు పెట్టిన ముద్దుపేరు నల్ల ముత్యం. తర్వాతి కాలంలో అదే పేరుతో పెలేనూ పిలిచారు గాని, మొదట ఆ పేరు మోసినవాడు ఈయనే.

ఈయన కథ చెప్పుకోవడానికి కారణం ఆట ఒక్కటే కాదు. ఒక మనిషి పేరు ప్రతిష్ఠలు ఎంత ఎత్తుకు పోతాయో, తర్వాత అదే మనిషిని లోకం ఎంత తొందరగా మరచిపోతుందో ఈ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లలకు ఆట సంగతులు నచ్చుతాయి. పెద్దలు చివరి భాగం కూడా చదివి కాస్త ఆలోచించాలి.

తెల్ల ఇంటి ఊరు

కాసాబ్లాంకా అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్టణం. స్పానిషు భాషలో ఆ మాటకు తెల్ల ఇల్లు అని అర్థం. అరబ్బీలో కూడా దానిపేరు అద్దారుల్ బైజా, అంటే అదే తెల్ల ఇల్లు. బెన్ బారెక్ ఆ ఊళ్ళోనే పుట్టాడు. పుట్టిన సంవత్సరం కొన్ని రికార్డుల్లో 1914 అని, కొన్నింట్లో 1917 అని ఉంది. ఆ రోజుల్లో పేదవాళ్ళ ఇళ్ళల్లో పుట్టిన తేదీలు రాసి పెట్టుకునే అలవాటు ఎక్కడుంది? మన తాతల సంగతీ అంతే గదా. ఎక్కువ పుస్తకాల్లో కనిపించేది 1917 జూన్ 16.

అప్పటికి మొరాకో స్వతంత్ర దేశం కాదు. 1912లో ఫెజ్ నగరంలో జరిగిన ఒప్పందంతో దేశంలో ఎక్కువ భాగం ఫ్రాన్సు రక్షణ కిందికి పోయింది. ఉత్తరాన కొంత భాగం స్పెయిన్ చేతికి చిక్కింది. సుల్తాను గద్దె మీదే ఉన్నాడు, పెత్తనం మాత్రం ఫ్రెంచివాళ్ళది. రక్షణ అనే మాట వినడానికి బాగానే ఉంటుంది. మన సంస్థానాల కథ తెలిసినవాళ్ళకు దాని అసలు అర్థం వేరే చెప్పనక్కర్లేదు.

ఫుట్‌బాల్ ఆటను కూడా ఆ దొరలే వెంట తెచ్చారు. క్లబ్బులు వాళ్ళవి, మైదానాలు వాళ్ళవి. కాని వీధి ఎవరి సొత్తూ కాదు. కాసాబ్లాంకా పేద వాడల్లో పిల్లలు ఉత్త కాళ్ళతో, గుడ్డపేలికలు చుట్టి కట్టిన బంతితో ఆడుకునేవాళ్ళు. బెన్ బారెక్ ఆట నేర్చింది ఆ మట్టిలోనే. ఎగుడుదిగుడు నేల మీద, సరిగ్గా గుండ్రంగా కూడా లేని బంతిని కాలికి అంటిపెట్టుకొని పరుగెత్తడం అలవాటైనవాడికి, పచ్చగడ్డి మైదానంలో తోలు బంతి ఎంత తేలికో ఊహించుకోవచ్చు.

ముందు ఐడియల్ క్లబ్ అనే చిన్న జట్టులో ఆడాడు. అక్కడ ఆట చూసి యూనియన్ స్పోర్టివ్ మరొకేన్ అనే పెద్ద క్లబ్బువాళ్ళు పిలిచి తీసుకున్నారు. ఇదే క్లబ్బు నుంచి తర్వాత కాలంలో జుస్ట్ ఫాంటేన్ అనే మరో ఆటగాడు వచ్చి, 1958 ప్రపంచ కప్పులో ఒక్కడే 13 గోల్స్ కొట్టి, ఈ రోజుకీ ఎవరూ దాటలేని రికార్డు పెట్టాడు. 1937లో మొరాకో జట్టు ఫ్రాన్సు బి జట్టుతో తలపడినప్పుడు బెన్ బారెక్ ఆట ఫ్రెంచి పెద్దల కళ్ళల్లో పడింది. ఏడాది తిరిగేసరికి మార్సేయి నగరం నుంచి కబురు వచ్చింది.

మార్సేయిలో అడుగు

ఫ్రాన్సులో ఫుట్‌బాల్‌ను జీతానికి ఆడే వృత్తిగా అధికారికంగా ఒప్పుకున్నది 1932లో. అంతకు ముందు ఆట ఆటే, జీతం తీసుకుంటే తప్పు కింద లెక్క. అంచేత 1938లో బెన్ బారెక్ ఒలింపిక్ ద మార్సేయి క్లబ్బులో చేరేనాటికి ఈ వృత్తికి వయసు ఆరేళ్ళే. మధ్యధరా సముద్రం దాటి, బంతి ఆడి బ్రతకడానికి పరాయి దేశం పోవడం అంటే ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

మార్సేయి రేవు పట్టణం. అల్జీరియా నుంచి, మొరాకో నుంచి, ఇటలీ నుంచి, సెనెగల్ నుంచి వచ్చిన కూలీలు, నావికులు కలిసి ఉండే ఊరు. ఆ జనం ఈ కుర్రవాణ్ణి వెంటనే తమవాణ్ణి చేసుకున్నారు. 1938-39 సీజనులో మార్సేయి జట్టు ఫ్రెంచి లీగులో రెండో స్థానంలో నిలిచింది. బెన్ బారెక్ పేరు దేశమంతా మోగిపోయింది.

ఆయన ఆట తీరు గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. అప్పటి జట్లలో ముందు వరసలో ఐదుగురు ఫార్వర్డులు ఉండేవాళ్ళు. ఇద్దరు రెండు అంచుల్లో, ఒకడు నడిమధ్యన, వాళ్ళ సందుల్లో ఇద్దరు. ఈ సందుల్లో ఆడేవాణ్ణి ఇన్‌సైడ్ ఫార్వర్డ్ అంటారు. బెన్ బారెక్ ఎక్కువగా ఆడింది ఆ చోటే, అవసరమైతే నడిమధ్యనా ఆడేవాడు. గోలు కొట్టడం ఒక్కటే ఆయన పని కాదు. వెనక్కి వచ్చి బంతి అందుకోవడం, గుండె మీద ఆపి కాలి దగ్గరికి జార్చుకోవడం, ఇద్దరు ముగ్గుర్ని తప్పించడం, అంతా తనమీదికి ఎగబడ్డ క్షణంలో ఖాళీగా ఉన్న తోటివాడికి బంతి అందించడం, ఇదంతా చేసేవాడు. మనిషి పొడుగరి, ఒడ్డూ పొడుగూ కలవాడు. అయినా బంతి దగ్గర మాత్రం కాళ్ళు ఎంతో నాజూకుగా కదిలేవంటారు.

నేపుల్స్‌లో ఈలలు

మార్సేయి చేరిన కొద్ది నెలలకే ఫ్రాన్సు జాతీయ జట్టు పిలుపు వచ్చింది. 1938 డిసెంబరు 4న ఇటలీలోని నేపుల్స్ నగరంలో ఇటలీ మీద మ్యాచ్. ఇటలీ అప్పటికి వరసగా రెండుసార్లు, 1934లోను 1938లోను, ప్రపంచ కప్పు గెలిచిన జట్టు. అంతేనా, అది ముస్సోలినీ ఏలుబడి. ఆ మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందే, నవంబరు 30న, ఇటలీ పార్లమెంటులో సభ్యులు లేచి ట్యునిస్, కోర్సికా, నీస్ తమకు కావాలని కేకలు పెట్టారు. రెండు దేశాల మధ్యా నిప్పు రాజుకుంటున్న సమయం.

అలాంటి మైదానంలోకి ఫ్రెంచి చొక్కా వేసుకొని నల్లని మొరాకో ముసల్మాను దిగాడు. జనం ఈలలతో, కేకలతో హోరెత్తించారు. దానికి జవాబుగా ఫ్రెంచి జాతీయ గీతాన్ని ఆయన గొంతెత్తి పాడాడని ఫ్రాన్సులో చెప్పుకుంటారు. ఆ మ్యాచ్‌లో ఫ్రాన్సు ఒక్క గోలు తేడాతో ఓడింది గాని, బెన్ బారెక్ మాత్రం గెలిచాడు. తిరిగి వచ్చేసరికి ఫ్రెంచి పత్రికల నిండా ఆయన పేరే.

ఇక్కడ ఒక మాట ఆలోచించాలి. తన దేశాన్ని ఏలుతున్నవాళ్ళ జెండా కింద ఆయన ఆడాడు. ఇది తప్పా ఒప్పా అని ఇప్పుడు కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పడం సులువే. ఆ రోజుల్లో మొరాకోకు సొంత జెండాతో అంతర్జాతీయ పోటీల్లో ఆడే జాతీయ జట్టు లేదు. ఆటగాడికి ఉన్న వయసు కొద్దే. ఆడితే ఆ చొక్కా వేసుకొని ఆడాలి, లేకపోతే ఆడకూడదు. దొరల చొక్కా వేసుకున్నా తన పేరు, తన దీన్, తన ఊరు దాచుకోలేదు. కాసాబ్లాంకా వీధుల్లో పిల్లలు రేడియో చుట్టూ మూగినప్పుడు ఆ పేరు విని గర్వపడ్డారు. తమలో ఒకడు దొరలతో సమానంగా, వాళ్ళకంటే మిన్నగా ఆడుతున్నాడన్న సంగతి పాలితులకు ఎంత ధైర్యమిస్తుందో, 1911లో మోహన్ బగాన్ జట్టు ఇంగ్లీషు సైనికుల జట్టును ఓడించిన కథ తెలిసిన మనకు బాగానే అర్థమవుతుంది.

యుద్ధం మింగిన ఏళ్ళు

1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. బెన్ బారెక్ కాసాబ్లాంకా తిరిగి వచ్చేశాడు. పాత క్లబ్బులోనే మళ్ళీ ఆడాడు. ఉత్తర ఆఫ్రికా పోటీల్లో ఆ క్లబ్బుకు విజయాలు తెచ్చాడు. కాని ఫుట్‌బాల్ ఆటగాడికి ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది దాకా ఉండే వయసే అసలైన పంట కాలం. ఆ పంట కాలమంతా యుద్ధం మింగేసింది. 1942 నవంబరులో అమెరికా సేనలు కాసాబ్లాంకా ఒడ్డున దిగాయి. 1943 జనవరిలో రూజ్‌వెల్టు, చర్చిల్ అక్కడే సమావేశమయ్యారు. లోకమంతా ఆ ఊరి పేరు విన్నది గాని, ఆ ఊళ్ళో ఉన్న మహా ఆటగాణ్ణి చూసినవాళ్ళు మాత్రం కొద్దిమందే.

ఆయన దురదృష్టం ఇంకొకటి ఉంది. బెన్ బారెక్ జీవితంలో ఒక్క ప్రపంచ కప్పు మ్యాచ్ కూడా ఆడలేదు. లెక్క చూడండి. 1938 ప్రపంచ కప్పు ఫ్రాన్సులోనే జరిగింది, కాని ఆయన జాతీయ జట్టులోకి వచ్చింది దాని తర్వాత. 1942లోను 1946లోను యుద్ధం వల్ల పోటీలే జరగలేదు. 1950లో బ్రెజిల్‌కు ఫ్రాన్సు జట్టు వెళ్ళనే లేదు. 1954లో ఫ్రాన్సు వెళ్ళింది గాని ఆయన్ను తీసుకుపోలేదు. ఐదు పోటీల కాలం ఇలా చేజారిపోయింది. నసీబు అనేది ఇలాగే ఉంటుంది కాబోలు.

పారిస్ నుంచి మాడ్రిడ్‌కు

యుద్ధం ముగిశాక 1945లో పారిస్‌లోని స్టాడ్ ఫ్రాన్సే అనే క్లబ్బు ఆయన్ను పిలిచింది. ఆ జట్టుకు శిక్షకుడు హెలేనియో హెరెరా. అర్జెంటీనాలో పుట్టి, కాసాబ్లాంకాలోనే పెరిగిన మనిషి. తర్వాత ఇటలీలో ఇంటర్ మిలాన్ జట్టుకు శిక్షణ ఇచ్చి ప్రపంచ ప్రఖ్యాతి పొందాడు. అలాంటివాడికి బెన్ బారెక్ మీద గట్టి నమ్మకం. రెండో శ్రేణిలో ఉన్న స్టాడ్ ఫ్రాన్సే 1946లో మొదటి శ్రేణికి ఎక్కింది.

1948లో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ నుంచి అట్లెటికో అనే క్లబ్బు బేరానికి వచ్చింది. ధర 1 కోటి 70 లక్షల ఫ్రాంకులు. ఆ రోజుల్లో అది కళ్ళు తిరిగే మొత్తం. కావాలంటే పారిస్‌లోని పేరుపడ్డ కట్టడాలు అమ్ముకోండి గాని బెన్ బారెక్‌ను మాత్రం అమ్మకండి అన్న ధోరణిలో ఒక పత్రిక వాపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ ధర సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. ఇది ఆటగాడి చేతికి వచ్చే జీతం కాదు. ఒక క్లబ్బు ఇంకొక క్లబ్బుకు చెల్లించే సొమ్ము. అప్పటి ఫ్రాన్సులో వృత్తి ఆటగాడు ఒకసారి క్లబ్బుతో సంతకం పెడితే ముప్పై అయిదేళ్ళ వయసు వచ్చేదాకా ఆ క్లబ్బుకు కట్టుబడి ఉండవలసిందే. ఎక్కడికి అమ్మాలో, ఎంతకు అమ్మాలో నిర్ణయించేది యజమానులు. ఈ పద్ధతి మీద ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే, గడువు పెట్టి రాసుకునే ఒప్పందాలు ఫ్రాన్సులో వచ్చింది 1969లో. అంటే బెన్ బారెక్ ఆట మానిన పన్నెండు పదమూడేళ్ళ తర్వాత. కోటి దాటిన ధర పలికిన మనిషి ముసలితనంలో చిన్న ఇంట్లో గడిపాడంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అదే 1948లో మన దేశపు జట్టు లండన్ ఒలింపిక్సులో ఫ్రాన్సుతో ఆడింది. మనవాళ్ళలో ఎక్కువమంది ఉత్త కాళ్ళతోనే దిగి, రెండు పెనాల్టీలు పోగొట్టుకొని, 2-1 తేడాతో ఓడారు. ఒలింపిక్సులో జీతానికి ఆడేవాళ్ళకు చోటు లేదు గనక ఫ్రాన్సు తరఫున వచ్చింది కూడా వృత్తివాళ్ళు కారు. అంచేత బెన్ బారెక్ ఆ మ్యాచ్‌లో లేడు. మన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు రహీం సాహెబ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిన రోజులు కూడా దాదాపు అవే. మనవాళ్ళు పోలీసు ఉద్యోగం చేసుకుంటూ ఆడారు. ఆట ఆగినా నౌకరీ ఉంది. బెన్ బారెక్‌కు ఆటే నౌకరీ. ఈ తేడా తర్వాత బాగా తెలిసివచ్చింది.

మాడ్రిడ్‌లో మహారోజులు

మాడ్రిడ్ నగరాన్ని తొమ్మిదో శతాబ్దంలో కట్టించింది కుర్తుబా అమీరు ముహమ్మద్. ఆ ఊరి పాత అరబ్బీ పేరు మజ్రీత్. అలాంటి ఊరికి వెయ్యేళ్ళు దాటాక మొరాకో నుంచి ఒక ముసల్మాను ఆటగాడై వచ్చాడు.

1949లో హెరెరా కూడా అట్లెటికోకే శిక్షకుడుగా వచ్చాడు. గురువు, శిష్యుడు మళ్ళీ కలిశారు. ముందు వరసలో ఐదుగురు. హుంకోసా, బెన్ బారెక్, పెరెజ్ పయా, స్వీడన్ దేశం నుంచి వచ్చిన కార్ల్‌సన్, ఎస్కుదెరో. ఆ వరసకు జనం పెట్టిన పేరు గాజు ఫార్వర్డులు. చూడ్డానికి అంత అందంగా ఆడేవాళ్ళు, గాయాలు కూడా తరచుగా తగిలేవి, అందుకని ఆ పేరు. ఈ జట్టు 1949-50లో స్పెయిన్ లీగు గెలిచింది, మరుసటి ఏడు 1950-51లో మళ్ళీ గెలిచింది. ఇవాళ ప్రపంచమంతా పేరు మోగే రియల్ మాడ్రిడ్, బార్సిలోనా ఆ రెండేళ్ళు వెనకే ఉండిపోయాయి.

అట్లెటికో తరఫున లీగులో బెన్ బారెక్ వందకు పైగా మ్యాచ్‌లు ఆడి, యాభైకి పైగా గోల్స్ కొట్టాడు. ముప్పై దాటిన వయసులో, అదీ గోల్స్ కొట్టడం కంటే కొట్టించడం ఎక్కువ పనిగా పెట్టుకున్నవాడికి ఇది గొప్ప లెక్క. ఆ క్లబ్బు అభిమానులు తండ్రుల నుంచి కొడుకులకు, కొడుకుల నుంచి మనవలకు ఈ పేరు చెబుతూ వచ్చారు.

అయితే పరాయి దేశంలో ఆడుతున్నాడు గనక ఫ్రాన్సు జాతీయ జట్టువాళ్ళు ఆయన్ను పక్కన పెట్టేశారు. ఏళ్ళ తరబడి పిలుపు రాలేదు. జనం కూడా ఆయన కాలం అయిపోయిందనే అనుకున్నారు.

ముసలి సింహం చివరి పంజా

1953లో బెన్ బారెక్ మార్సేయికి తిరిగి వచ్చాడు. వయసు మీద పడింది, పరుగు తగ్గింది, కాని బుర్ర మాత్రం పాదరసమే. 1954 మే నెలలో మార్సేయి జట్టు ఫ్రెంచి కప్పు ఫైనలు దాకా పోయి, నీస్ జట్టు చేతిలో 2-1 తేడాతో ఓడింది. ఆ వేసవిలో స్విట్జర్లాండులో జరిగిన ప్రపంచ కప్పుకు వెళ్ళిన ఫ్రాన్సు జట్టు మొదటి అంచెలోనే ఇంటిదారి పట్టింది.

ఆ సెప్టెంబరు 9న అల్జీరియాలోని ఓర్లియాంవిల్ పట్టణంలో ఘోరమైన భూకంపం వచ్చింది. ఆ ఊరిని ఇప్పుడు ష్లెఫ్ అంటారు. వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఇళ్ళు కోల్పోయినవాళ్ళకు సాయం కోసం పారిస్‌లో ఒక మ్యాచ్ ఏర్పాటు చేశారు. అక్టోబరు 7న, ఒక పక్క ఫ్రాన్సు జాతీయ జట్టు, రెండో పక్క మొరాకో, అల్జీరియా, ట్యునీషియా ఆటగాళ్ళు కలిసిన ఉత్తర ఆఫ్రికా జట్టు. ధర్మం కోసం ఆడే ఆట గదా, సరదాగా సాగుతుందని అనుకున్నారు. కాని ఉత్తర ఆఫ్రికా కుర్రాళ్ళు ప్రాణం పెట్టి ఆడారు. ముందుండి నడిపింది ఈ పెద్దాయనే. 3-2 తేడాతో ఫ్రాన్సును ఓడించారు. గ్యాలరీల్లో కూర్చున్న వలస కూలీల ఆనందానికి అంతులేదు. పొద్దంతా ఫ్యాక్టరీల్లో మాటలు పడేవాళ్ళకు ఆ సాయంత్రం తల ఎత్తుకొనే అవకాశం దొరికింది.

ఈ ఆట చూసిన ఫ్రెంచి సెలెక్టర్లకు నోట మాట రాలేదు. ముసలివాడని పక్కన పెట్టిన మనిషిని వెంటనే మళ్ళీ జాతీయ జట్టులోకి పిలిచారు. అక్టోబరు 16న జర్మనీలోని హానోవర్ నగరంలో మ్యాచ్. ఎదుట ఉన్నది మూడు నెలల క్రితమే ప్రపంచ కప్పు గెలిచిన పశ్చిమ జర్మనీ. ఫ్రాన్సు 3-1 తేడాతో గెలిచింది. అప్పటికి బెన్ బారెక్ వయసు ఒక లెక్కన 37, ఇంకొక లెక్కన 40.

అదే ఆయన ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్. మొత్తం 17 మ్యాచ్‌లు, 3 గోల్స్. అంకెలు చూస్తే చిన్నవే. కాని మొదటి మ్యాచ్‌కు ఆఖరి మ్యాచ్‌కు మధ్య 15 సంవత్సరాల 10 నెలల 12 రోజులు గడిచాయి. ఫ్రాన్సు జట్టు చొక్కా అంత కాలం వేసుకున్నవాడు ఇంకొకడు లేడు. హానోవర్ మ్యాచ్ అయిన రెండు వారాలకే, నవంబరు 1న, అల్జీరియాలో స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. ఫ్రెంచివాళ్ళు, ఉత్తర ఆఫ్రికావాళ్ళు ఒకే మైదానంలో చేయి చేయి కలిపి ఆడిన రోజులు అలా ముగింపుకు వచ్చాయి.

స్వతంత్ర దేశంలో

1953లో ఫ్రెంచివాళ్ళు మొరాకో సుల్తాను ఐదో ముహమ్మదును గద్దె దింపి దేశం దాటించారు. జనం ఊరుకోలేదు. 1955 నవంబరులో ఆయన తిరిగి వచ్చాడు, 1956 మార్చి 2న దేశం స్వతంత్రమయింది. బెన్ బారెక్ అల్జీరియాలోని సిదీ బెల్ అబ్బెస్ జట్టుకు కొంతకాలం ఆడి, ఆ తర్వాత వతన్‌కు చేరుకున్నాడు. 1957లో స్వతంత్ర మొరాకో జాతీయ జట్టు తయారైనప్పుడు దానికి శిక్షకుడుగా నిలబడ్డాడు. తన కాళ్ళ సత్తువ ఉన్నన్నాళ్ళు సొంత దేశపు చొక్కా ఆయనకు దక్కలేదు. కాళ్ళు అలిసిపోయాక, ఆ చొక్కా వేసుకున్న కుర్రాళ్ళకు ఆట నేర్పే భాగ్యం దక్కింది.

తర్వాత తర్వాత కొత్త తరాలు వచ్చాయి, కొత్త వీరులు పుట్టారు. పెద్దాయన పేరు పత్రికల్లో తగ్గిపోయింది. పెలే ఆయన గురించి ఎంతో గొప్పగా మాట్లాడాడని, తనకంటే పై మెట్టు మీద నిలబెట్టాడని మొరాకోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాని పొగడ్తతో పొయ్యి వెలగదు గదా. చివరి రోజుల్లో ఆయన కాసాబ్లాంకాలో ఒక చిన్న ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు.

1992 సెప్టెంబరు 16న బెన్ బారెక్ చనిపోయాడు. చనిపోయిన సంగతి వెంటనే ఎవరికీ తెలియలేదు. కొన్ని రోజులు గడిచాక గాని ఇంట్లో మయ్యత్ ఉందన్న విషయం బయటపడలేదు. ఒకప్పుడు నేపుల్స్‌లో, పారిస్‌లో, మాడ్రిడ్‌లో వేలాది గొంతులు ఏ పేరును పిలిచాయో, ఆ మనిషి తలుపు తట్టి ఎలా ఉన్నావని అడిగినవాడు ఆ కొద్ది రోజుల్లో లేకపోయాడు.

ఆ తర్వాత మర్యాదలు జరిగాయి. 1998లో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా తన ఆర్డర్ ఆఫ్ మెరిట్ గౌరవాన్ని మరణానంతరం ప్రకటించింది. కాసాబ్లాంకాలో ఒక మైదానానికి ఆయన పేరు ఉంది. మంచిదే. కాని మైదానానికి పేరు పెట్టేవాళ్ళు మనిషి బ్రతికి ఉండగా ఇంటికి ఒక పూట వెళ్ళి కూర్చుంటే ఆ మనిషికి అంతకంటే మేలు.

ఆయన నాటిన మొక్క

ఈ కథకు సంతోషం కలిగించే కొసమెరుపు ఒకటి ఉంది. 2022లో ఖతర్‌లో జరిగిన ప్రపంచ కప్పులో మొరాకో జట్టు సెమీ ఫైనల్ దాకా వెళ్ళింది. ఆఫ్రికా ఖండం నుంచి గాని, అరబ్బు దేశాల నుంచి గాని అంతదూరం వెళ్ళిన మొదటి జట్టు అదే. ఆ దారిలో డిసెంబరు 6న స్పెయిన్‌ను పెనాల్టీల మీద ఓడించింది. గెలుపు తెచ్చిన ఆఖరి పెనాల్టీ కొట్టినవాడు అష్రఫ్ హకీమీ. ఆయన పుట్టిన ఊరు మాడ్రిడ్. బెన్ బారెక్ ఏలిన ఊరు అదే. సెమీ ఫైనల్లో డిసెంబరు 14న ఎదురైంది ఎవరనుకున్నారు? ఫ్రాన్సే. అక్కడ 2-0 తేడాతో మొరాకో ఓడింది గాని, తల ఎత్తుకొనే ఇంటికి వచ్చింది.

ఆ జట్టులో ఉన్న 26 మందిలో 14 మంది మొరాకో బయట, ఎక్కువగా యూరపులో పుట్టినవాళ్ళు. బెన్ బారెక్ కాలంలో మొరాకోలో పుట్టినవాడు పైకి రావాలంటే ఫ్రాన్సు చొక్కా వేసుకోక తప్పలేదు. ఇవాళ యూరపులో పుట్టిన వలస కుటుంబాల బిడ్డలు తమ ఇష్టంతో తాతల దేశపు చొక్కా వేసుకుంటున్నారు. ఎనభై ఏళ్ళు దాటిన ఈ ప్రయాణంలో మొదటి అడుగుల్లో ఒకటి కాసాబ్లాంకా మట్టిలో పడిన ఆ ఉత్త కాళ్ళది.

ఈ జీవితం నుంచి మనం ఇంటికి తీసుకుపోవలసినవి రెండే సంగతులు. ఆట మీద ప్రేమ ఉన్న పిల్లవాణ్ణి ఆపకండి, కాని కాళ్ళు ఆగిన తర్వాత బ్రతకడానికి చదువో, చేతిపనో, నౌకరీయో ముందే చేతికి అందేలా చూడండి. రెండోది, మన మొహల్లాలో ఒకప్పుడు నలుగురికీ పనికివచ్చి, ఇవాళ గది మూలన కూర్చున్న పెద్దవాళ్ళు ఎవరున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆటగాడే కానక్కర్లేదు. పాత మాస్టారు కావచ్చు, దర్జీ కావచ్చు, లారీ డ్రైవరు కావచ్చు. జుమా నమాజు అయ్యాక ఇంటికి పోయే దారిలో ఆ తలుపు ఒకసారి తట్టి, సలాం చెప్పి, ఐదు నిమిషాలు కూర్చుని రండి. మర్హూం అరబీ బిన్ ముబారక్‌కు అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించుగాక.